వేడెక్కేది ఒకటి, పోయేది ఇంకోటి: ఏవీ రిసీవర్ వేడి గురించి కాస్త వివరంగా

ఏప్రిల్ దాటిందంటే చాలు, హోం థియేటర్ ఉన్నోళ్ల దగ్గర్నుంచి ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంపే ఆంప్లిఫయర్ డబ్బా) గురించి ఒకటే ప్రశ్న, "అన్నా, రిసీవర్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నా, పోద్దా ఇది?" అని. దీనికి ఎంతమందిని అడిగితే అన్ని జవాబులు. ఒకళ్లేమో ఆంప్ అన్నాక వేడెక్కదా, వదిలెయ్ అంటారు, ఇంకొకళ్లేమో వెంటనే ఫ్యాన్ కొని మీద పెట్టెయ్ అంటారు, మూడో ఆయన ఇంకో అడుగు ముందుకేసి సర్వీస్ సెంటర్ కి పట్టుకెళ్లమంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది గానీ, లోపల ఏ పార్ట్ వేడెక్కుతోంది, ఆ వేడికి ఏ పార్ట్ దెబ్బతింటోంది అని విడదీసి చూడకపోతే ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. ఎందుకంటే ఆ రెండూ ఒకే పార్ట్ కాదు.

ముందు మూత తీస్తే ఏం కనపడుద్దో చూద్దాం. ఒక పక్కన ఇటుక రాయంత ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కనే లావుపాటి ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంట్ ని దాచుకుని సాఫీగా ఇచ్చేవి) రెండు, మధ్యలో అడ్డంగా అల్యూమినియం హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ), దానికి వరసగా బిగించిన పవర్ ట్రాన్సిస్టర్లు (7 ఛానెల్స్ అంటే ఏడు స్పీకర్లకి విడివిడి ఆంప్‌లు, ఛానెల్ కి కనీసం రెండు చొప్పున 14), ఇక వెనక ప్యానెల్ కి ఆనుకుని హెచ్‌డీఎంఐ బోర్డు, డీఎస్పీ చిప్ (డిజిటల్ సౌండ్ ని ప్రాసెస్ చేసేది), నెట్‌వర్క్ కార్డ్. వేడిలో పెద్ద వాటా హీట్ సింక్ దే, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. డిజిటల్ బోర్డు వాటా వాట్స్ లో చూస్తే చిన్నదే, కానీ దానికి ఉన్న హీట్ సింక్ బిళ్ల కూడా అంత చిన్నదే, కొన్ని మోడల్స్ లో అదీ ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది సౌండ్ తక్కువ పెట్టుకుంటే వేడి రాదు అనుకుంటారు. మనం మామూలుగా సినిమా చూసేటప్పుడు ఒక్కో స్పీకర్ కి వెళ్లేది సగటున ఒకటి రెండు వాట్స్, గట్టిగా పెడితే నాలుగైదు. మరి అంత తక్కువ పవర్ కి డబ్బా అంత ఎందుకు కాలుతోంది అంటే, క్లాస్ ఏబీ ఆంప్ (చాలా రిసీవర్లలో ఉండే రకం) పనిచేసే పద్ధతే అంత. ఉదాహరణకి ఆంప్ సప్లై ప్లస్ మైనస్ 50 వోల్ట్స్ అనుకుందాం, స్పీకర్ 8 ఓమ్స్, దానికి 4 వాట్స్ పంపుతున్నాం. అంటే స్పీకర్ దగ్గర వోల్టేజ్ పీక్ 8 మాత్రమే, కానీ కరెంట్ వచ్చేది 50 వోల్ట్స్ సప్లై నుంచి, మిగతా వోల్టేజ్ అంతా ట్రాన్సిస్టర్ మీద పడాల్సిందే, ఇంక వేరే దారి లేదు. లెక్క కడితే సప్లై నుంచి లాగేది దాదాపు 32 వాట్స్, అందులో స్పీకర్ కి పోయేది 4, మిగతా 28 వాట్స్ వేడి. ఒక్క ఛానెల్ కి.

తమాషా ఏంటంటే అదే ఆంప్ ని ఫుల్ గా తొక్కి 150 వాట్స్ పైన తీసినా వేడి 40 చిల్లరే ఉంటది. అన్నిటికన్నా ఎక్కువ వేడి వచ్చేది ఫుల్ వాల్యూమ్ లో కాదు, మధ్యలో, గరిష్ట పవర్ లో దాదాపు 40 శాతం దగ్గర. మన లెక్కలో 60 చిల్లర వాట్స్ బయటికి ఇస్తున్నప్పుడు ఇంకో 60 చిల్లర వాట్స్ వేడిగా పోతాయి. ఇదంతా సైన్ వేవ్ తో (హెచ్చుతగ్గులు లేని ఒకే స్వరం) కాగితం మీద లెక్క, సినిమా సౌండ్ ఎగుడుదిగుడుగా ఉంటది కాబట్టి సగటు తగ్గుద్ది, సరౌండ్ స్పీకర్లు చాలాసేపు ఖాళీగానే ఉంటాయి కాబట్టి ఇంకా తగ్గుద్ది, కానీ సంగతి మాత్రం అదే. అదే 8 వోల్ట్స్ ని 4 ఓమ్స్ స్పీకర్ కి పంపితే కరెంట్ డబుల్, వేడి కూడా 28 నుంచి 56. అందుకే 4 ఓమ్స్ స్పీకర్లు పెట్టి, పుట్టినరోజు ఫంక్షన్ కి ఆల్ ఛానెల్ స్టీరియో మోడ్ ఆన్ చేసి రెండు గంటలు పాటలు వేస్తే అప్పటిదాకా ఎప్పుడూ ఆగని రిసీవర్ కూడా టక్కుమని ఆగిపోద్ది. అన్ని ఛానెల్స్ ఒకేసారి, గ్యాప్ లేకుండా, మధ్యస్థం వాల్యూమ్ లో, అంటే సరిగ్గా వేడి ఎక్కువ వచ్చే చోటే నడుస్తున్నాయన్నమాట.

పాట ఏదీ వేయకపోయినా వేడెక్కుద్ది. దాన్ని బయాస్ కరెంట్ అంటారు. సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్ కి మారే చోట ట్రాన్సిస్టర్లు పూర్తిగా ఆగిపోతే సౌండ్ లో గరగర వస్తుంది, అది రాకుండా రెంటినీ కొద్దిగా ఆన్ లోనే ఉంచుతారు, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండా బండిని న్యూట్రల్ లో పెట్టి నిలబడ్డట్టు. ఆ ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టం, డిజిటల్ బోర్డుల ఖర్చు కలిపి మామూలు 7 ఛానెల్ రిసీవర్ ఏ సౌండూ లేకుండానే 40 నుంచి 80 వాట్స్ దాకా తింటది. ఒక పాత బల్బుని పెట్టెలో పెట్టి మూత వేసినట్టే కదా అని మీరు అనుకుంటే, అవును, దాదాపు అంతే వేడి.

ఈ బయాస్ లోనే ఒక చిక్కు ఉంది. ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ దాన్ని ఆన్ చెయ్యడానికి కావాల్సిన వోల్టేజ్ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్ట్స్ చొప్పున తగ్గుతుంది. అంటే బయాస్ వోల్టేజ్ ని ఒకే చోట ఫిక్స్ చేసి వదిలేస్తే, వేడెక్కిన కొద్దీ కరెంట్ పెరుగుద్ది, కరెంట్ పెరిగితే మళ్లీ వేడి, ఆ వేడికి మళ్లీ కరెంట్, అలా పోయి పోయి చివరికి ట్రాన్సిస్టర్ కాలిపోద్ది. దీన్ని ఆపడానికే బయాస్ సెట్ చేసే చిన్న ట్రాన్సిస్టర్ ని కూడా అదే హీట్ సింక్ కి అంటించి పెడతారు, పెద్దవి వేడెక్కితే ఇదీ వేడెక్కి బయాస్ ని కిందికి లాగుద్ది. రిపేర్ చేయించిన తర్వాత ఒక రిసీవర్ ముందుకన్నా ఎక్కువ కాలుతోంది అంటే మొదట అనుమానించాల్సింది ఇక్కడే: ఆ చిన్నదాన్ని సరిగ్గా తిరిగి అంటించలేదు, లేదా కొత్త ట్రాన్సిస్టర్లు వేశాక బయాస్ మళ్లీ సెట్ చెయ్యలేదు, లేదా ట్రాన్సిస్టర్ కి హీట్ సింక్ కి మధ్య ఉండే మైకా షీట్ కింద థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే ముద్ద) ఎండిపోయింది. ఎక్కువగా వాడే 2ఎస్‌సీ5200 లాంటి ట్రాన్సిస్టర్లకి నకిలీలు కూడా మార్కెట్లో చాలా ఉన్నాయి, లోపల సిలికాన్ ముక్క చిన్నది ఉంటది, చూడ్డానికి అచ్చు అదే.

సరే, ఇంత వేడెక్కే ట్రాన్సిస్టర్ పోతుందా అంటే, మామూలుగా పోదు. ఇదే నేను చెప్పదలుచుకున్న అసలు ముక్క. ఈ ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ 150 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారైంది. హీట్ సింక్ 65, 70 డిగ్రీలు ఉంటే మనం రెండు సెకన్లు కూడా వేలు పెట్టలేం, దానికి మాత్రం అది రోజువారీ డ్యూటీ. మనిషి చర్మానికి 45, 50 మధ్యలోనే చురుక్కుమంటది, కాబట్టి "చెయ్యి పెట్టలేకపోతున్నా" అనేది మన చేతి సంగతి చెప్తుంది గానీ రిసీవర్ ఆరోగ్యం సంగతి చెప్పదు.

పోయేవి పక్కనోళ్లు. మొదటిది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపల ద్రవం ఉంటది, వేడికి అది నెమ్మదిగా ఆవిరైపోతుంటుంది. వీటి ఆయుష్షుకి ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటి ఉంది: 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు డబుల్, 10 పెరిగితే సగం. కెపాసిటర్ మీద 85 డిగ్రీలు, 2000 గంటలు అని ఉందనుకోండి, అది 55 డిగ్రీల్లో ఉంటే 16,000 గంటలు వస్తుంది, రోజుకి 4 గంటల చొప్పున దాదాపు 11 ఏళ్లు. అదే రిసీవర్ ని మూసిన క్యాబినెట్ లో పెట్టి లోపలి గాలి ఇంకో 10 డిగ్రీలు పెరిగితే 8,000 గంటలు, అంటే ఐదున్నర ఏళ్లు. గంట కొట్టినట్టు ఆ రోజే పోతుందని కాదు, అప్పటికి దాని కెపాసిటీ తగ్గి, సప్లై లో రిపుల్ (వోల్టేజ్ ఊగిసలాట) పెరిగి, స్పీకర్లలో హమ్ అని మోత రావడం, బాస్ గట్టిగా వచ్చినప్పుడు తడబడడం లాంటివి మొదలౌతాయి.

ఇందులో కూడా ఎవరూ పట్టించుకోనిది స్టాండ్‌బై సప్లై. పెద్ద కెపాసిటర్లు రోజుకి నాలుగు గంటలే పనిచేస్తాయి, కానీ రిమోట్ కోసం మేలుకుని ఉండే చిన్న సప్లై ఏడాదికి 8,760 గంటలూ పనిచేస్తూనే ఉంటది. నెట్‌వర్క్ స్టాండ్‌బై, హెచ్‌డీఎంఐ పాస్ త్రూ (రిసీవర్ ఆఫ్ లో ఉన్నా టీవీకి పిక్చర్ పంపేది) ఆన్ చేసి పెడితే రిసీవర్ ఆఫ్ లో ఉన్నా గోరువెచ్చగా తగుల్తుంది చూడండి, అది ఇదే. "ఒకరోజు పొద్దున చూస్తే అసలు ఆన్ అవ్వట్లేదు" అనే కేసుల్లో చాలా వాటికి కారణం పది రూపాయల కెపాసిటర్ ఒకటి.

రెండోది హెచ్‌డీఎంఐ, డీఎస్పీ చిప్పులు. ఇవి కింద చిన్న చిన్న సోల్డర్ గుళ్లతో (టంకం బొట్లతో) బోర్డుకి అతుక్కుని ఉంటాయి. రోజూ వేడెక్కి వ్యాకోచించడం, చల్లారి సంకోచించడం, చిప్పు ఒక లెక్కలో బోర్డు ఇంకో లెక్కలో, ఏళ్ల తరబడి అలా లాగీ లాగీ ఆ గుళ్లు పగులుతాయి. గుర్తు ఏంటంటే ఆన్ చేసిన కొత్తలో అన్నీ బాగుంటాయి, గంట తర్వాత పిక్చర్ పోవడం, సౌండ్ కట్ అవ్వడం, ఆఫ్ చేసి చల్లారాక మళ్లీ మామూలే. ఇది ఏదో చిల్లర కంపెనీల సమస్య కూడా కాదు. ఆంక్యో 2009 నుంచి 2012 మధ్య తయారైన కొన్ని మోడల్స్ లో సౌండ్ పోవడం, నెట్‌వర్క్ పోవడం లాంటి కంప్లయింట్స్ వచ్చి వచ్చి, వారంటీ అయిపోయిన వాటికి కూడా 2018 చివరిదాకా ఉచితంగా రిపేర్ చేసే ప్రోగ్రాం పెట్టింది. హీట్ గన్ తో చిప్పు మీద వేడి కొట్టి "రెడీ అయింది సార్" అని ఇచ్చే రిపేర్ కొన్ని వారాలో నెలలో పనిచేసి మళ్లీ మొదటికొస్తుంది, దానికి డబ్బులు పెట్టకండి.

ఇప్పుడు బొమ్మ అర్థమైంది కదా. హీట్ సింక్ వేడెక్కడం తప్పు కాదు, అది దాని పని. ఆ వేడిగాలి బయటికి పోకుండా పెట్టెలోనే తిరిగి కెపాసిటర్లని, చిప్పుల్ని ఉడకబెట్టడమే సమస్య. అంటే మనం చూడాల్సింది ఆంప్ ఎంత వేడెక్కింది అని కాదు, గాలి ఎక్కడ ఆగింది అని.

మన ఇళ్లల్లో అది ఆగే చోట్లు అందరికీ తెలిసినవే. టీవీ యూనిట్ అంటే కార్పెంటర్ మూడు పక్కలా ప్లైవుడ్ కొట్టి, ముందు గ్లాస్ డోర్ పెట్టి, వెనక వైర్ల కోసం రెండంగుళాల రంధ్రం ఒకటి వదుల్తాడు, అది కూడా వైర్లతోనే మూసుకుపోతుంది. రిసీవర్ పైన జాగా ఖాళీగా ఉందని సెట్ టాప్ బాక్స్, దాని పక్కన వైఫై రౌటర్, దుమ్ము పడకుండా అమ్మ వేసిన క్రోషియా గుడ్డ. ఆ గుడ్డ కింద ఉన్నవే వెంట్స్, అంటే వేడిగాలి బయటికి పోయే రంధ్రాలు. డెనాన్ మాన్యువల్స్ లో బుక్ షెల్ఫ్ లాంటి మూసిన చోట పెట్టొద్దు, చుట్టూ 30 సెంటీమీటర్లు వదలమని, మీద వేరే డబ్బా ఏదీ పెట్టొద్దని స్పష్టంగా రాసి ఉంటది, యమహా పాత ఆర్ఎక్స్-వీ మోడల్స్ మాన్యువల్స్ కూడా పైన 30, పక్కల 20 అడిగాయి. ఏ ఇంటీరియర్ డిజైనర్ కీ ఈ పేజీ చూపించే అలవాటు మనకి లేదు. యూనిట్ చేయించకముందే చూపించండి, తర్వాత లామినేట్ వేశాక రంధ్రం అంటే వాళ్లకి ఏడుపొస్తుంది, మనకి బిల్లొస్తుంది.

కొలవడం ఎలా అనేది ఇప్పుడు. రూపాయి ఖర్చు లేకుండా అయ్యే పద్ధతి చెయ్యి పెట్టి చూడ్డమే, కానీ పైన చెప్పినట్టు అది అబద్ధాలాడుద్ది. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే బాగానే ఉంటది గానీ దానికో బలహీనత ఉంది, మెరిసే అల్యూమినియం మీద, స్టీల్ మీద అది తప్పు చూపిస్తది, 70 ఉన్నదాన్ని 40 అని చూపించినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెదజల్లి ఎదురుగా ఉన్న గోడ వేడిని అద్దంలా చూపిస్తది. అందుకని కొలవాల్సిన చోట చిన్న మాస్కింగ్ టేప్ ముక్కో, నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్కో అంటించి రెండు నిమిషాలాగి ఆ టేప్ మీదకి గన్ పెట్టండి. నల్ల పెయింట్ ఉన్న మూత మీద ఐతే ఈ గొడవ లేదు. ఇంకా మంచిది కె టైప్ థర్మోకపుల్, కొన్ని మల్టీమీటర్లతో పాటే వస్తుంది, సన్న వైరు చివర పూసలా ఉంటది, దాన్ని హీట్ సింక్ కి సరిగ్గా పైన ఉండే వెంట్ జాలీ మీద టేప్ తో అంటించి వదిలెయ్యొచ్చు. లోపలికి మాత్రం తోయొద్దు, అది లోహం, ఏ టెర్మినల్ కైనా తగిలితే రిసీవర్ తో పాటు మీటరూ పోద్ది.

ఆన్ చేసిన పది నిమిషాలకి కొలిచి ఏం లేదులే అనుకోవద్దు, అంత అల్యూమినియం, అంత ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము పూర్తిగా వేడెక్కడానికి టైం పడుతుంది. ఒక గంట, గంటన్నర మీరు మామూలుగా వినే వాల్యూమ్ లో నడిపి అప్పుడు కొలవండి. క్యాబినెట్ తలుపు తీసి ఒకసారి, మూసి ఒకసారి. అన్నిటికన్నా ముఖ్యంగా గది టెంపరేచర్ కూడా రాసుకోండి, ఎందుకంటే మనకి పనికొచ్చే నంబర్ వెంట్ దగ్గర ఎంత అనేది కాదు, వెంట్ కి గదికి తేడా ఎంత అనేది. జనవరిలో గది 26, వెంట్ 44, తేడా 18. ఆ తేడా పెద్దగా మారదు, కాబట్టి మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గది 40 ఉంటే వెంట్ 58 అని కొలవకుండానే చెప్పొచ్చు. ఏసీ వేసి గదిని 12 డిగ్రీలు దించితే వెంట్ కూడా దాదాపు 12 దిగుతుంది, ఐతే ఆ చల్లగాలి క్యాబినెట్ లోపలికి వెళ్తేనే, గ్లాస్ డోర్ అవతల ఉంటే దానికి ఏసీ ఉన్నా లేనట్టే. నా లెక్క ప్రకారం తేడా 15, 20 లోపు ఉంటే హాయిగా నిద్రపోవచ్చు, 25 దాటితే గాలి సంగతి చూడాలి, తలుపు తీస్తే 18 తలుపు మూస్తే 30 ఉంటే తప్పు రిసీవర్ ది కాదు, తలుపుది. ఇది నా అంచనా, కంపెనీ వాళ్ల రూల్ కాదు.

ఫ్యాన్ విషయానికొస్తే, జనం అనుకునేంత గాలి అక్కర్లేదు. 80 వాట్స్ వేడిని బయటికి పంపాలి, లోపలికి వచ్చే గాలి కన్నా బయటికి పోయే గాలి 8 డిగ్రీలు మించకూడదు అనుకుంటే సెకనుకి 8 లీటర్ల చిల్లర గాలి కదిలితే చాలు. 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ ని సగం స్పీడ్ లో తిప్పినా అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. అందుకే 12 వోల్ట్స్ ఫ్యాన్ ని 7 వోల్ట్స్ తోనో, యూఎస్‌బీ 5 వోల్ట్స్ తోనో నడిపితే చప్పుడు ఉండదు, పని ఐపోతుంది (5 వోల్ట్స్ కి కొన్ని ఫ్యాన్లు స్టార్ట్ అవ్వవు, కొనేముందు చూస్కోండి). ఫుల్ స్పీడ్ లో బుయ్ మంటూ తిరిగే ఫ్యాన్ పెట్టి, డాల్బీ ఆట్మోస్ లో వాన చినుకులు వినపడట్లేదు అంటే ఎవరిది తప్పు.

పెట్టే చోటు, తిరిగే దిక్కు మాత్రం ముఖ్యం. వేడిగాలి ఎలాగూ పైకే పోతుంది, దానికి సాయం చెయ్యాలి గానీ ఎదురు తిరగకూడదు. రిసీవర్ మీద పెడితే హీట్ సింక్ ఉన్న వైపు, పైకి లాగేలా పెట్టండి, కింద రబ్బరు బుష్ లు ఉండాలి లేకపోతే మూత మొత్తం గుయ్యిమంటది. కానీ క్యాబినెట్ మూసే ఉంటే ఆ ఫ్యాన్ అదే వేడిగాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది తప్ప ఒరిగేదేం లేదు. అక్కడ చెయ్యాల్సింది క్యాబినెట్ వెనక గోడ పైభాగంలో హోల్ సా తో (గుండ్రంగా కోసే రంపం) రంధ్రం కోసి ఫ్యాన్ బయటికి ఊదేలా బిగించడం, కింద ముందు వైపు అంతే సైజు దారి గాలి లోపలికి రావడానికి వదలడం. ఈ కింద దారి మర్చిపోతారు చాలామంది, లోపలికి రానిది బయటికి ఎలా పోద్ది.

ఆటోమేటిక్ గా ఆన్ అవ్వాలంటే డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు చాలు, 12 వోల్ట్స్ మీద నడుస్తుంది, వైరు చివర సెన్సర్, మీద రిలే (కరెంట్ తో పనిచేసే స్విచ్). హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో, మిగతావాళ్లకి ఆన్‌లైన్లో ఇలాంటివి దొరుకుతాయి. సెట్టింగ్ లో పీ0 ని కూలింగ్ కి, అంటే సీ కి పెట్టుకోండి, పీ1 లో ఆన్ కి ఆఫ్ కి మధ్య తేడా 2 డిగ్రీలు ఉంటే దాన్ని 4 చేసుకోండి లేకపోతే రిలే ఊరికే టక్కుటక్కుమంటది. ఆన్ అయ్యే పాయింట్ 40 అని పెడితే మే నెలలో గదే 40 కాబట్టి ఫ్యాన్ రిసీవర్ ఆఫ్ లో ఉన్నా తిరుగుతూనే ఉంటది, 45 దగ్గర పెట్టుకోవడం మేలు. ఇది కూడా వద్దు అనుకుంటే కొన్ని రిసీవర్ల వెనక 12 వోల్ట్స్ ట్రిగ్గర్ సాకెట్ ఉంటది, రిసీవర్ ఆన్ అయితే అదీ ఆన్. కానీ దాని కెపాసిటీ మామూలుగా 100 నుంచి 150 మిల్లీ ఆంప్సే, రెండు ఫ్యాన్లు నేరుగా దానికి తగిలించొద్దు, దానితో ఒక రిలే ని నడిపి ఫ్యాన్లకి వేరే అడాప్టర్ ఇవ్వండి.

సెట్టింగ్స్ తో తగ్గేది కూడా ఉంది, అందులో అన్నిటికన్నా తేలికైనది క్రాసోవర్, అంటే ఏ హెర్ట్జ్ కింద ఉన్న బాస్ సబ్ వూఫర్ కి పోవాలో చెప్పే గీత. సబ్ వూఫర్ ఉండి కూడా స్పీకర్లని లార్జ్ అని (బాస్ మొత్తం వాటికే పోయేలా) పెట్టుకునేవాళ్లు చాలామంది. స్మాల్ అని పెట్టి 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్ వూఫర్ కి పంపేస్తే కరెంట్ ఎక్కువ గుంజే ఆ బాస్ పని దాని సొంత ఆంప్ చూస్కుంటుంది, మన రిసీవర్ మీద భారం బాగా తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు, సౌండ్ కూడా చాలా గదుల్లో బాగుపడుతుంది.

ఇక ఇంపెడెన్స్ సెట్టింగ్ (స్పీకర్లు ఎన్ని ఓమ్స్ అని రిసీవర్ కి చెప్పేది), దీని మీద జరిగినన్ని తగాదాలు ఇంకెక్కడా జరగవు. 8 నుంచి 4 కో 6 కో మారిస్తే చాలా రిసీవర్లు చేసే పని ఒకటే, సప్లై వోల్టేజ్ ని తగ్గించడం. మన పాత లెక్కలో 50 ని 35 చేస్తే అదే 4 వాట్స్ సౌండ్ కి వేడి 28 నుంచి 18 కి పడిపోతుంది. మంచిదే కదా అంటే, గరిష్ట పవర్ కూడా సగానికి పడిపోతుంది, గట్టి సీన్ లో క్లిప్ అవుతుంది (అలల కొనలు తెగి సౌండ్ పగులుద్ది), క్లిప్ అయితే ట్వీటర్ కి (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ముప్పు. ఈ సెట్టింగ్ పెట్టడంలో కంపెనీల ఉద్దేశం ఎక్కువగా సేఫ్టీ టెస్టుల్లో వేడి హద్దు దాటకుండా చూస్కోవడం. నన్నడిగితే ముందు గాలి సంగతి చూడండి, దాన్ని 8 లోనే వదిలెయ్యండి. చిన్న గది, తక్కువ వాల్యూమ్, గాలికి ఏ దారీ లేని క్యాబినెట్, 4 ఓమ్స్ స్పీకర్లు, ఇవన్నీ ఒకేచోట కలిస్తే అప్పుడు మార్చుకోండి. డెనాన్, మరాంట్జ్ లో ఉండే ఎకో మోడ్ దీనికి కాస్త తెలివైన తమ్ముడు, ఆటో లో పెడితే వాల్యూమ్ తక్కువ ఉన్నప్పుడు మాత్రమే ఖర్చు తగ్గిస్తుంది. రాత్రి పూట వార్తలు చూసేవాళ్లకి చక్కగా సరిపోతుంది.

ఆగిపోయిన ప్రతిసారీ వేడి వల్లే అనుకోవద్దు. వాల్యూమ్ పెంచిన సెకన్లలోనే ఆగితే అది దాదాపుగా కరెంట్ సమస్య, వెనక స్పీకర్ టెర్మినల్ దగ్గర వైరులో ఒక్క సన్న పోగు పక్కదానికి తగిలినా చాలు. ముప్పావుగంట బాగా ఆడి ఆగితే అది వేడి. డెనాన్ లో ఐతే లైటే చెప్తుంది, ఎర్ర లైటు దాదాపు 2 సెకన్లకోసారి వెలుగుతుంటే వేడి, అర సెకనుకోసారి ఐతే స్పీకర్ వైర్లు చూస్కో అని. వేడి ఐతే ఆఫ్ చేసి గంటసేపు వదిలెయ్యమని మాన్యువలే చెప్తుంది, క్లైమాక్స్ మధ్యలో ఆగిందని మళ్లీ మళ్లీ పవర్ బటన్ నొక్కితే హీట్ సింక్ లోపలి వేడి తగ్గే అవకాశమే ఇవ్వనట్టు. స్పీకర్ వైర్లన్నీ పీకేసి ఆన్ చేసినా ప్రొటెక్షన్ లోకి పోతుంటే (తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంటే) ఇంక ఫ్యాన్లూ సెట్టింగ్సూ పనికిరావు, లోపల ఏదో ఛానెల్ పోయింది.

కరెంట్ వోల్టేజ్ కూడా ఒక చెయ్యి వేస్తుంది. ఈ ఆంప్ సప్లైలు చాలావరకు రెగ్యులేటెడ్ కావు (వోల్టేజ్ ని ఒకేచోట నిలబెట్టవు), ప్లగ్ లో 230 బదులు 250 వస్తే లోపలి వోల్టేజ్ కూడా 8, 9 శాతం పెరుగుతుంది, ఊరికే ఉన్నప్పటి వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. రాత్రి పదిన్నర తర్వాత లోడ్ తగ్గి వోల్టేజ్ ఎక్కే ఊళ్లల్లో, సరిగ్గా మనం సినిమా పెట్టుకునే టైమ్ అదే.

దీనికన్నా పెద్ద సంగతి అమెరికా నుంచి వచ్చేటప్పుడు రిసీవర్ కూడా తెచ్చుకునేవాళ్లది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఐపోతుంది అనుకుంటారు, వోల్టేజ్ సరిపోతుంది గానీ ఫ్రీక్వెన్సీ సరిపోదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో అయస్కాంత ఒత్తిడి వోల్టేజ్ ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటది. అమెరికాలో 120 బై 60, అంటే 2. ఇక్కడ స్టెప్ డౌన్ నుంచి వచ్చే 110 బై 50, అంటే 2.2, పది శాతం ఎక్కువ. మెయిన్స్ 250 ఎక్కిన రాత్రి ఆ 110 కాస్తా 120 అవుతుంది, అప్పుడు 2.4, ఇరవై శాతం ఎక్కువ. ఇనుము సాచురేషన్ (ఇంక అయస్కాంత శక్తి పట్టలేని స్థితి) దగ్గరికి పోయి, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ, ఏ పాటా లేకుండానే వేడెక్కుతుంది. వెనక ప్యానెల్ మీద 120 వోల్ట్స్ 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ఇదే కథ, 50/60 అని ఉంటే పర్లేదు. ఆల్రెడీ తెచ్చేసినవాళ్లు 110 కాకుండా 100 వోల్ట్స్ ఇచ్చే స్టెప్ డౌన్ వాడితే 100 బై 50, మళ్లీ 2 కి వస్తుంది, గరిష్ట పవర్ 30 శాతం దాకా తగ్గుతుంది గానీ ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటది. ఇంకా తీసుకురానివాళ్లు అక్కడే అమ్మేసి రండి, సూట్‌కేస్ లో ఆ పది కేజీలకి పచ్చళ్ల సీసాలు ఖాళీవి తిరిగొచ్చినా నయమే.

దుమ్ము గురించి రెండు ముక్కలు. హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము పొర పేరుకుంటే పైన చెప్పిన తేడా నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, ఏడాదికోసారి కొలిచి రాసిపెట్టుకుంటే అది తెలిసిపోతుంది, పోయినేడు 18 ఉన్నది ఈ ఏడు 24 ఐతే శుభ్రం చేయించే టైమ్ వచ్చిందన్నమాట. ప్లగ్ పీకి, బయట వెంట్స్ మీద నుంచి బ్రష్ పెట్టి, బ్లోయర్ ని దూరంగా పట్టుకుని ఊదడం ఎవరైనా చెయ్యొచ్చు, లోపల ఫ్యాన్ ఉన్న మోడల్ ఐతే అది గిర్రున తిరక్కుండా చూస్కోవాలి. మూత తీసే పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలెయ్యండి, ప్లగ్ పీకాక కూడా ఆ పెద్ద కెపాసిటర్లలో చార్జ్ చాలాసేపు ఉంటది, ప్లస్ 50 కి మైనస్ 50 కి మధ్య 100 వోల్ట్స్, వేలు పెడితే అప్పుడు తెలుస్తుంది. వానాకాలంలో ఆ వెచ్చదనానికి చీమలు, బల్లులు కూడా చేరతాయి, స్టాండ్‌బై లో ఉన్న రిసీవర్ అంటే వాటికి బాగా ఇష్టం. వారాల తరబడి ఊరెళ్లేటప్పుడు స్విచ్ బోర్డు దగ్గరే ఆఫ్ చేసి వెళ్లండి, ఆ చిన్న స్టాండ్‌బై కెపాసిటర్ కి కూడా సెలవు దొరుకుతుంది.